సంఘం మనది, లెక్కల పుస్తకం ఎవరిది?



ఇది కొంచెం పెద్ద పోస్టు. మెస్‌లో భోజనం అయ్యాక చదువుకోండి, తొందర లేదు.

మేము అంటే రాజమండ్రిలో ఒకే హాస్టల్లో, ఒకే గదిలో ఉండే ఆరుగురం. ముగ్గురు కొండరెడ్లు, ఇద్దరు కోయదొరలు, ఒకడు కొండకమ్మర. మారేడుమిల్లి, గంగవరం, అడ్డతీగల, దేవీపట్నం వైపు ఊళ్ళు మావి. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇద్దరం బీకాం, మిగతావాళ్ళు బీఏ, బీఎస్సీ. చేత్తో రాసింది ఒకళ్ళే గానీ వారం రోజులు మాట్లాడుకున్నది అందరం. అందుకే మేము అని రాస్తున్నాం.

విషయం చింతపండు దగ్గర మొదలైంది. ఉగాదికి ఇంటికి వెళ్ళినప్పుడు మాలో ఒకడి వాళ్ళ అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పొద్దున్న కూర్చుంటే మధ్యలో గంజి తాగడానికి లేచింది, మళ్ళీ సాయంత్రం దాకా అదే పని. రాయి మీద పెట్టి చిన్న కర్రతో కొట్టడం, గింజ తీయడం, పీచు లాగడం. వేళ్ళ చివర్లు పుల్లగా పగిలిపోయి ఉన్నాయి. పది కిలోలు కొడితే గింజ, పీచు పోగా ఆరు కిలోల దాకా వచ్చింది. సెలవులు అయ్యాక రాజమండ్రి వచ్చి సబ్బులు కొనుక్కుందామని ఒక పెద్ద షాపుకి వెళ్తే అక్కడ గింజ తీసిన చింతపండు అరకిలో ప్యాకెట్టు 110 రూపాయలు. అందరం ఆ ప్యాకెట్టు చుట్టూ నిలబడిపోయాం. షాపువాడు మమ్మల్ని అనుమానంగా చూశాడు, అది వేరే సంగతి.

ఆ రాత్రి లెక్క వేశాం. బీకాం వాళ్ళు ఉన్నారు కదా. అటవీ ఉత్పత్తులకి కేంద్రం మద్దతు ధరలు ఇస్తుంది, 2020 మే నెలలో వాటిని సవరించారు. ఆ జాబితాలో గింజతో ఉన్న చింతపండు కిలో 36 రూపాయలు, గింజ తీసింది 63 రూపాయలు. సంతలో, డిపోలో ధర ఏడాదికోలా ఉంటుంది, కానీ లెక్కకి ఒక పునాది కావాలి కాబట్టి దీన్నే పట్టుకున్నాం. పైకి చూస్తే 36కీ 63కీ చాలా తేడా కదా? ఇప్పుడు అవ్వ చింతపండు పెట్టి చూడండి. పది కిలోలు గింజతోనే అమ్మితే 360. రోజంతా కొట్టి ఆరు కిలోలు చేసి అమ్మితే 378. అంటే అవ్వ రోజు కూలి 18 రూపాయలు. గింజలు కూడా అమ్ముడుపోతాయి, దానికో నాలుగు రూపాయలు కలుపుకోండి. అదే ఆరు కిలోలు అరకిలో ప్యాకెట్లుగా రాజమండ్రి షాపులో పన్నెండు ప్యాకెట్లు, 1320 రూపాయలు.

378కీ 1320కీ మధ్యలో ఏముంది? ఈ ప్రశ్న మీదే గదిలో గొడవ మొదలైంది. ఒకడు దోపిడీ అన్నాడు. వాడిది బీఏ పాలిటిక్స్. బీకాం వాడు కాదు, మధ్యలో పనులున్నాయి అన్నాడు. ఇద్దరూ కరెక్టే అని ఇప్పుడు అనిపిస్తోంది. మధ్యలో కొంత దోపిడీ ఉంది, కొంత పని ఉంది. లారీ ఎక్కించాలి, నల్లబడకుండా చల్లటి గోదాంలో దాచాలి, శుభ్రం చేయాలి, తూకం వేసి ప్యాక్ చేయాలి, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు తెచ్చుకోవాలి, షాపులకి తిరిగి ఆర్డరు పట్టాలి, డబ్బులు వసూలు చేసుకోవాలి, లెక్క రాయాలి. ఇవన్నీ పనులే, అంటే ఉద్యోగాలే. మనం ఉద్యోగాలు లేవు, డీఎస్సీ ఎప్పుడు పడుతుంది, కానిస్టేబుల్ ఎప్పుడు పడుతుంది అని ఎదురు చూస్తుంటే, మన అడవి నుంచి వచ్చిన సరుకు మీద ఇన్ని ఉద్యోగాలు కింద టౌన్లలో ఎవరో చేసుకుంటున్నారు. వాళ్ళని తప్పు పట్టి లాభం లేదు. ఆ పనులు మన దగ్గరికి ఎందుకు రాలేదు అన్నదే మా ప్రశ్న.

ఒక్క మనిషి వల్ల అది అవ్వదు. అవ్వకి తెలివి తక్కువై కాదు. పండగకి బట్టలు కొనాలి, మనవడికి ఫీజు కట్టాలి, కొట్లో అప్పు తీర్చాలి. చింతపండు రాలే రోజుల్లోనే అందరికీ డబ్బులు కావాలి, అందరూ ఒకేసారి సంతకి తెస్తారు, ధర పడిపోతుంది. నాలుగు నెలలు ఆగితే ధర వస్తుందని అవ్వకీ తెలుసు. కానీ ఆగలేదు. ఆగగలిగినవాడు వ్యాపారి. సహకార సంఘం అంటే మాకు అర్థమైంది ఇదీ: పేదవాళ్ళ తరపున ఆగగలిగే మనిషి. ఈ రోజు అవ్వ చేతిలో కొంత డబ్బు పెట్టి, సరుకు తను దాచి, శుభ్రం చేసి, ధర వచ్చినప్పుడు అమ్మి, ఖర్చులు పోగా మిగిలింది మళ్ళీ అవ్వకే ఇవ్వాలి. వ్యాపారి ఒక్కసారే డబ్బులిస్తాడు. సంఘం రెండోసారి కూడా ఇవ్వాలి. ఆ రెండోసారి డబ్బులే సహకారం.

ఇక్కడ మనోళ్ళు వెంటనే అనే మాట మాకు తెలుసు. జీసీసీ ఉంది కదా, అది సహకార సంస్థే కదా అని. అవును. గిరిజన సహకార సంస్థ 1956లో విశాఖపట్నం కేంద్రంగా పుట్టింది. దాని మేలు మర్చిపోతే తప్పు మనదే అవుతుంది. మా అవ్వలు చెప్పే కథలు మీ ఇళ్ళల్లోనూ వినే ఉంటారు. బుట్టెడు చింతపండు పోసుకుని కుంచెడు ఉప్పు చేతిలో పెట్టేవాళ్ళట షావుకార్లు. తూకం రాళ్ళు వాళ్ళవే, లెక్క వాళ్ళదే, అప్పు కాగితం మీద వేలిముద్ర మాత్రం మనది. జీసీసీ డిపో వచ్చాక కనీసం ఒక ధర ఉంది, ఒక కాటా ఉంది. 1979లో వచ్చిన రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో చిన్న అటవీ ఉత్పత్తుల కొనుగోలు హక్కు జీసీసీకి ఇచ్చారు. డీఆర్ డిపో నుంచి బియ్యం, ఉప్పు, పప్పు కొండ మీదికి వచ్చాయి. వానాకాలంలో వాగులు పొంగినప్పుడు ఆ బియ్యమే చాలా ఇళ్ళు నిలబెట్టింది. గిరిజన్ తేనె అంటే ఈ రోజుకీ టౌన్లో కల్తీ లేనిదని నమ్ముతారు. మా కాలేజీలో లెక్చరర్లు కూడా మమ్మల్ని అడిగి తెప్పించుకుంటారు.

కానీ సహకార సంస్థ అంటే సభ్యులు ఓనర్లు. జీసీసీకి ఛైర్మన్‌ని వేసేది ప్రభుత్వం, ఎండీ ప్రభుత్వం పంపిన అధికారి. దాని కింద గిరిజన ప్రాథమిక సహకార మార్కెటింగ్ సంఘాలు ఉన్నాయి, రంపచోడవరం లాంటి చోట్ల. కాగితం మీద వాటిలో సభ్యులు మనవాళ్ళే. మేము ఆరుగురం మా ఇళ్ళకి ఫోన్ చేసి అడిగాం: మీకు సంఘంలో వాటా ఉందా, ఎప్పుడైనా మీటింగుకి వెళ్ళారా? ఒక తాత ఉందేమో అన్నాడు, ఎప్పుడో చిన్నప్పుడు ఏదో కట్టినట్టు గుర్తట. మిగతావాళ్ళు మీటింగా, ఏ పార్టీది అని అడిగారు. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు పోయింది. మనం డిపోకి సరుకు తీసుకెళ్ళి, డబ్బులు తీసుకుని, దండం పెట్టి వస్తాం. అలా వచ్చేవాణ్ణి అమ్మకందారు అంటారు, సభ్యుడు అనరు. సర్కారువారి సంస్థ మంచి కొనుగోలుదారు అవ్వొచ్చు, అయ్యింది కూడా. కానీ మంచి కొనుగోలుదారు దొరికాడు కదా అని మనం ఓనర్లం అవ్వడం మర్చిపోయాం.

ఇంకో సంగతి చెప్తాం, మాకు భలే ఆశ్చర్యం వేసింది. అదే 1956లో, మన తెలుగు నేల మీదే ఇంకో సంఘం పుట్టింది. కరీంనగర్ వైపు ముల్కనూరు, ఇప్పుడు హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలం. అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి గారనే ఆయన చుట్టుపక్కల 14 ఊళ్ళ రైతుల్ని కూడగట్టి ముల్కనూరు సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘం పెట్టారు. మొదట అప్పులు ఇవ్వడమే పని. తర్వాత విత్తనాలు, ఎరువులు. తర్వాత పంట కొనడం. ఆ తర్వాత రైస్ మిల్లు, పత్తి జిన్నింగు మిల్లు. చూడండి, వరి రైతు వడ్లు అమ్మడం దగ్గర ఆగలేదు, బియ్యం అమ్మే దాకా వెళ్ళాడు. మధ్యలో ఉన్న పనులు సంఘానివే అయ్యాయి, ఆ పనులు చేసేవాళ్ళూ ఆ ఊళ్ళవాళ్ళే. 2000 సంవత్సరంలో అక్కడి ఆడవాళ్ళు సొంతంగా పాల డెయిరీ పెట్టుకున్నారు, పాల ప్యాకెట్టు పేరు 'స్వకృషి'. పేరు చూసి మేము కాసేపు మాట్లాడలేదు. అక్కడ నేల నల్లగొండ కంటే గొప్పదేమీ కాదు, వాన ఆధారం. కింద డెల్టాలో లాగ కాలవ నీళ్ళు ఉండి ఎదిగిన ఊరు కాదు అది.

అక్కడివాళ్ళు మనకంటే ముందున్న రైతులు, పట్టా భూములు ఉన్నాయి, చదువు ఉంది, మనతో పోలిక ఏంటి అని అడగొచ్చు. నిజమే, పోలిక సమానం కాదు. మన దగ్గర అడవి మనదని చట్టం ఒప్పుకున్నదే 2006లో. అయినా ఒకే ఏడు పుట్టిన రెండు సంస్థల్లో ఒకదానికి సభ్యులు లెక్క అడిగారు, రెండోదాన్ని మనం అడగలేదు. ఆ తేడా మాత్రం భూమి వల్ల వచ్చింది కాదు.

1956 అనగానే మూడోది కూడా ఉంది, అది మన హాస్టల్ పిల్లల కోసమే పుట్టినట్టు ఉంటుంది. స్పెయిన్ దేశంలో బాస్క్ అనే కొండ ప్రాంతం, వాళ్ళ భాష వేరు, యుద్ధంలో ఓడిపోయి అణగారి ఉన్నారు. మోండ్రగోన్ అనే చిన్న ఊళ్ళో అరిజ్మెండియారియెటా అనే పాస్టరు లాంటి ఫాదరు 1943లో ఒక టెక్నికల్ స్కూలు పెట్టాడు. అందులో చదివిన కుర్రాళ్ళు ఐదుగురు కలిసి 1956లో కిరోసిన్ స్టవ్వులు చేసే చిన్న ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. ఐదుగురి ఇంటిపేర్ల అక్షరాలు కలిపి దానికి ఉల్గోర్ అని పేరు పెట్టారు. పనిచేసేవాళ్ళే ఓనర్లు, ఒక మనిషికి ఒక ఓటు. మూడేళ్ళకి సొంత బ్యాంకు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ సంఘాలన్నిట్లో కలిపి దాదాపు 70 వేల మంది పనిచేస్తున్నారు. కథ అంతా తీపి కాదు. ఆ మొదటి ఫ్యాక్టరీ నుంచి పెరిగిన ఫాగోర్ కంపెనీ 2013లో దివాలా తీసింది. అప్పుడు చాలామందిని మిగతా సంఘాలు తమలోకి తీసుకున్నాయి. దివాలా రాదని ఎవరూ చెప్పలేరు, వచ్చిన రోజు పట్టుకునేవాళ్ళు ఉన్నారా అన్నదే తేడా.

అంత దూరం ఎందుకు, మన గోదావరి చివర్లోనే ఉంది. మా క్లాసులో నరసాపురం వైపు అమ్మాయి ఒకామె ఉంది. వాళ్ళమ్మ లేసు అల్లుతుంది. మనకి చింతపండు ఎలాగో అక్కడ ఆడవాళ్ళకి దారం, క్రోషే సూది అలాగ. మిషనరీలు నేర్పిన ఆ పని వందేళ్ళు దాటి నడుస్తోంది. లేసు విదేశాలకి పోతుంది, అల్లినామెకి మాత్రం కూలి కూడా గిట్టదు. మరియా మీస్ అనే ఆమె వచ్చి వీళ్ళ మీద పుస్తకమే రాసింది, 1982లో అచ్చయింది. ఆమె పట్టుకున్న విషయం ఏంటంటే, రోజంతా పనిచేసే ఆడవాళ్ళని అందరూ, చివరికి వాళ్ళు కూడా, ఖాళీగా ఇంట్లో కూర్చుని కాలక్షేపానికి అల్లుతున్నారు అనుకుంటారట. అందుకే కూలి అడగరు. ఇది చదివాక మాకు అరుగు మీద అవ్వ గుర్తొచ్చింది. అవ్వని అడిగినా ఖాళీగానే ఉన్నాను రా మనవడా అంటుంది. తర్వాత నరసాపురంలో అలంకృతి పేరుతో లేసు ఆడవాళ్ళ సంఘాలు మాక్స్ చట్టం కింద ఏర్పడ్డాయి, 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కూలి మొత్తం మారిపోయిందని మేము అనం, మా క్లాస్‌మేట్ కూడా అనలేదు. కానీ ఆర్డరు ఎక్కడి నుంచి వస్తుంది, ఎంతకి వస్తుంది అనేది ఇప్పుడు వాళ్ళమ్మకి తెలుసట. ముందు తెలిసేది కాదు.

మన ఆదివాసీల్లోనే చెప్పుకోవాలంటే అరకు ఉంది. అక్కడ కాఫీ రైతులు మాక్స్ సంఘం పెట్టుకున్నారు, నాంది ఫౌండేషన్ వెనకాల నిలబడింది, 2017లో అరకు కాఫీకి పారిస్‌లో దుకాణం తెరిచారు. అక్కడి కొండల్లోని గిరిజనులకి వచ్చింది, మారేడుమిల్లి కొండల్లో ఉన్నవాళ్ళకి రానిది ఏమీ లేదు.

ఇప్పుడు మన దగ్గర ఉన్న సంగతికి వద్దాం. 2018లో కేంద్రం వన్‌ధన్ పథకం తెచ్చింది. ఇరవై మందితో ఒక గ్రూపు, అలాంటివి పదిహేను కలిపి ఒక వన్‌ధన్ వికాస కేంద్రం, మొత్తం 300 మంది. ఒక్కో కేంద్రానికి 15 లక్షల దాకా, అంటే మనిషికి 5 వేల చొప్పున. అడవిలో తెచ్చిన సరుకుని అక్కడే శుభ్రం చేసి, పొడి చేసి, ప్యాక్ చేసి అమ్మాలి. ఆలోచన మంచిదే, మేము పైన చెప్పిన 378కీ 1320కీ మధ్య ఉన్న పనుల కోసమే ఇది. మన ఏజెన్సీలో జీడిపిక్కల మీద, చింతపండు మీద, కొండచీపుర్ల మీద కేంద్రాలు పెట్టారు. బాగా నడిచేవి ఉన్నాయని విన్నాం, అలాంటి దాన్ని చూడాలని ఉంది. మీలో ఎవరి ఊళ్ళో అయినా ఉంటే చెప్పండి, బస్సు ఛార్జీ పెట్టుకుని వస్తాం.

మేము చూసింది మాత్రం ఇలాగ లేదు. పేరు, ఊరు చెప్పం, అక్కడివాళ్ళు మనవాళ్ళే. షెడ్డు ఉంది. మిషన్లు ఉన్నాయి, ఒకదానికి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. మూడు ఫేజుల కరెంటు రాలేదట. ప్యాకెట్లు అచ్చు వేయించారు, వాటి మీద నంబరు లేదు కాబట్టి షాపు వాళ్ళు తీసుకోలేదట. గ్రూపు లీడరక్క మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి పుస్తకాలు తెచ్చి ముందు పెట్టింది. తీర్మానాల పుస్తకం, క్యాష్ బుక్కు, స్టాక్ రిజిస్టరు. తీర్మానాల పుస్తకంలో ఒకే చేతిరాత, పేజీలకి పేజీలు. కింద వేలిముద్రలు, సంతకాలు.

"ఇదంతా ఎవరు రాశారక్కా?"

"సారు రాస్తారు. నెలకోసారి వస్తారు."

"మీకు చదివి వినిపిస్తారా?"

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తారు తమ్ముడూ. మంచోరే."

ఆ సారు మంచివాడే అయ్యుంటాడు. ఆయన తప్పు చేశాడని మేము ఒక్క ముక్క కూడా అనడం లేదు, ఆయనకి అలాంటి కేంద్రాలు ఎన్నున్నాయో. కానీ 300 మంది ఓనర్లు ఉన్న చోట క్యాష్ బుక్కు చదవగలిగే ఓనరు ఒక్కరు కూడా లేరు. మా బీకాం వాడు ఆ బుక్కు తిరగేశాడు, పావుగంట పట్టింది. వాడు సెకండియర్‌లో చదివిందే అందులో ఉంది. కుడి, ఎడమ, నిల్వ. అక్క పక్కన కూర్చుని, "ఇదేనా, ఇంతేనా?" అంది. పోయినేడు అమ్మిన జీడిపప్పు డబ్బులు ఇంకా ఒక పార్టీ దగ్గర బాకీ ఉన్నాయని అప్పుడు తెలిసింది ఆమెకి. ఎనిమిది నెలల నుంచి పుస్తకంలో ఉంది ఆ బాకీ. ఎవరూ దాచలేదు. ఎవరూ చదవలేదు, అంతే.

మేము ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ పావుగంట.

ఒక ఊహ లెక్క వేశాం, తప్పులుంటే సరిచేయండి. 300 మంది ఉన్న కేంద్రానికి మనిషికి ఒక క్వింటా గింజ చింతపండు వస్తే 30 టన్నులు. మా అవ్వ వేగంతో రోజుకి పది కిలోలు కొడితే 3000 రోజుల పని, అంటే 30 మందికి 100 రోజులు. 18 టన్నుల గింజ తీసిన పండు, 36 వేల అరకిలో ప్యాకెట్లు. అదే షాపు ధరకి చూస్తే 39 లక్షల 60 వేలు. గింజతో మద్దతు ధరకి అమ్మేస్తే 10 లక్షల 80 వేలు. తేడా 28 లక్షల 80 వేలు. ఇదంతా లాభం కాదు, షాపు వాడి మార్జిను ఉంటుంది, లారీ, గోదాం, ప్యాకెట్టు, కరెంటు, పాడైపోయింది. అవన్నీ తీసేసినా, 18 రూపాయల కూలి అనే మాట మాత్రం ఉండదు. గింజ తీసేవాళ్ళు కాకుండా ప్యాకింగుకి నలుగురు, లెక్కకి ఒకళ్ళు, టౌన్లో తిరిగి ఆర్డర్లు పట్టేవాళ్ళు ఒకరిద్దరు. ఒక్క చింతపండుకే. దీనికి కుంకుడుకాయలు, అడ్డాకులు, తేనె, జీడిపప్పు కలపండి. ఒక మండలానికి పదిమంది డిగ్రీ పిల్లలకి ఊళ్ళో ఉంటూ చేసుకునే పని దొరుకుతుంది. వేలల్లో కాదు. పదిమంది. అయినా మా బ్యాచ్‌లో మా మండలం నుంచి డిగ్రీ చదివేది ఎంతమందో చూసుకుంటే పదిమంది తక్కువేం కాదు.

అన్నలు కొందరు దీనికి ఏమంటారో మాకు తెలుసు, ఎదురుగానే అన్నారు కూడా. ఒకటి, సంఘం అంటే తగాదాలు, పార్టీలు, ఒక కుటుంబం చేతిలోకి పోతుంది అని. అది నిజం. కింద భీమడోలు దగ్గర సహకార చక్కెర ఫ్యాక్టరీ ఏమైందో డెల్టా రైతుల్ని అడిగితే చెబుతారు. సహకారం అన్న బోర్డు ఉన్నంత మాత్రాన ఏదీ బతకదు. రెండు, పోలవరం ముంపులో ఊరే పోయింది, చెట్టే లేదు, సంఘం ఏం చేస్తుంది అని. ఇది అన్నది మా గదిలోవాడే, దేవీపట్నం వాడు. వాళ్ళ ఊరు ఇప్పుడు కాలనీ. వాళ్ళ చింతచెట్లు నీళ్ళల్లో ఉన్నాయి. వాడికి మా దగ్గర సరైన జవాబు లేదు. కాలనీలో ఉన్నవాళ్ళు పక్క మండలాల సరుకు మీద ప్యాకింగు పని చేయొచ్చు కదా అని ఒకడు అన్నాడు, రాజమండ్రి రోడ్డుకి వాళ్ళే దగ్గర కదా అని. వాడు కాసేపు ఆలోచించి, "మా అమ్మ ఇప్పుడు కూలికి వెళ్తోంది, అదైనా నయమే" అన్నాడు. చెట్టు మనదిగా ఉన్నప్పటి నయం అది కాదు, మాకూ తెలుసు.

మూడోది, చదువుకున్నది సంఘంలో లెక్క రాయడానికా, అమ్మానాన్న ఏమనుకుంటారు అని. దీనికి మాత్రం మాకు కోపం వచ్చింది. గవర్నమెంటు ఉద్యోగం వద్దని ఎవరూ అనడం లేదు, మేమూ రాస్తాం, మా గదిలో గోడ మీద గ్రూప్-2 సిలబస్ అంటించే ఉంది. కానీ మన అవ్వ సరుకు లెక్క బయటి మనిషి రాస్తుంటే, డెబిట్ క్రెడిట్ నేర్చుకున్న మనం హాస్టల్ మంచం మీద పడుకుని రీల్స్ చూస్తున్నాం. మేమూ చూస్తున్నాం, మమ్మల్ని మేమే అనుకుంటున్నాం.

చట్టం సంగతి ఒకటి తెలుసుకోండి, మాకు ఇన్నాళ్ళూ తెలియదు. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది, మాక్స్ చట్టం అంటారు, దేశంలో ఇలాంటిది మొదట చేసింది మన రాష్ట్రమే. వేరువేరు కుటుంబాల వాళ్ళు పదిమంది ఉంటే సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. ఇందులో ప్రభుత్వం వాటా ఉండదు, కాబట్టి పెత్తనమూ ఉండదు. ఎన్నికలు మనమే పెట్టుకోవాలి, ఆడిట్ మనమే చేయించుకోవాలి. నష్టం వస్తే అదీ మనదే, దానికి ఏ సారునీ అనడానికి ఉండదు. కొత్త సంఘం వెంటనే పెట్టండి అని మేము చెప్పం. ఉన్నదాంట్లో ఓనర్లం అవ్వకుండా కొత్తది పెడితే అది కూడా ఇంకో షెడ్డు అవుతుంది.

అందుకని మేము ఆరుగురం ఈ వేసవికి ఒకటి అనుకున్నాం, పెద్దదేం కాదు. సెలవులకి ఇంటికి వెళ్ళాక ఒక్కొక్కళ్ళం మన మండలంలో ఉన్న ఒక కేంద్రానికి గానీ, ఒక పొదుపు సంఘాల సమాఖ్యకి గానీ వెళ్ళి, లీడరక్కని అడిగి, క్యాష్ బుక్కు, స్టాక్ రిజిస్టరు సభ్యులందరి ముందు గట్టిగా చదివి వినిపిస్తాం. మేము రాయం, దిద్దం, ఎవరి మీదా పిటిషన్లు పెట్టం. చదువుతాం, అంతే. అడిగినవాళ్ళకి పేజీ చూపిస్తాం. జీసీసీ డిపోలో ఎవరికైనా సభ్యత్వం ఉందేమో రసీదులు ఉంటే వెతికిస్తాం. ఇంట్లో పాత ట్రంకు పెట్టెల్లో ఉంటాయి ఇలాంటివి, పెళ్ళి ఫోటోల కింద. ఆ రసీదు పట్టుకుని మీటింగు ఎప్పుడని అడగడం మన హక్కు.

బీకాం చదివేవాళ్ళు మాకు ఇద్దరే ఉన్నారు. అడ్డతీగల, రాజవొమ్మంగి, వై.రామవరం వైపు మాకు ఎవరూ లేరు. చింతూరు, కూనవరం వైపు కూడా లేరు. ఆ మండలాల్లో బీకాం గానీ, ఇంటర్ సీఈసీ గానీ చదివిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే మండలం పేరు, చదువు రాసి పెట్టండి చాలు. మే నెల మొదటి ఆదివారం రంపచోడవరం బస్టాండు దగ్గర పొద్దున్న తొమ్మిదికి కలుద్దాం అనుకుంటున్నాం. మా దగ్గర క్యాష్ బుక్కు ఎలా చదవాలో నాలుగు పేజీల నోట్స్ రాసి పెట్టాం, జిరాక్స్ తీసి తెస్తాం. జిరాక్స్ డబ్బులు మాత్రం ఎవరివి వాళ్ళే ఇవ్వాలి, మెస్ బిల్లు ఇంకా కట్టలేదు.